మీకు మిషను ఉంచాం

మా వదిన పోయింది. పోయిన నెల ఒక మధ్యాహ్నం తొమ్మిదో తరగతిలో సంధులు చెబుతుంటే అన్నయ్య ఫోను చేశాడు. పాఠం మధ్యలో నేను ఫోను తియ్యనని తనకి తెలుసు. రెండోసారి కూడా మోగేసరికి పిల్లల్ని చదువుకోమని చెప్పి వరండాలోకి వచ్చాను.

“సెల్లీ, మీ వదిన ఎల్లిపోనాదమ్మా” అన్నాడు.

అన్నయ్య కరెంటు లైన్‌మన్. స్తంభం ఎక్కి, కిందనున్నవాళ్ళకి వినబడేలా గట్టిగా మాట్లాడటం అలవాటైన మనిషి. ఆ రోజు ఆ గొంతు నా చెవికి ఆనలేదు. ఏటన్నావు అని అడిగి మళ్ళీ చెప్పించాను. రెండోసారి వింటున్నప్పుడు తెలిసింది, మొదటిసారే నాకు వినబడిందని.

మా వదిన గురించి పేపర్లో ఏమీ రాలేదు. రావలసినంత పేరు ఆమె సంపాదించుకోలేదు, కావాలని అనుకోనూలేదు. కానీ మీరు శ్రీకాకుళం వైపు వాళ్ళయి, మీ ఇంట్లో ఎవరైనా డయాలసిస్‌కి వెళుతూ ఉంటే, ముందురోజు సాయంత్రం ఫోనులో ఒక గొంతు వాళ్ళకి వేళ చెప్పి ఉండవచ్చు. గొంతు కంప్యూటరుది. అది పలికే మాటల వెనక ఉన్నది మా వదిన. అందుకే ఆమె గురించి మీకు నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

వదినకి చూపు లేదు. చిన్నప్పుడు కొంచెం ఉండేదట. బడిలో ముందు బల్ల మీద కూర్చుంటే నల్లబల్ల కనిపించేదట. తరవాత బల్ల మాయమైంది, ఆ తరవాత మేష్టారి చెయ్యి, చివరికి కిటికీలోంచి వచ్చే వెలుగు. శృంగవరపుకోటలో పుట్టి పెరిగింది. చూపు లేని పిల్లల బడిలో చదివి, కంప్యూటరు నేర్చుకుని, శ్రీకాకుళంలో ఒక చిన్న సాఫ్ట్‌వేరు ఆఫీసులో చేరింది. అన్నయ్య ఆ వీధిలో లైను బాగుచెయ్యడానికి వెళ్ళి ఆమెని చూశాడు. వీధంతా కరెంటు పోయి అందరూ పని ఆపేసి బయట నిలబడితే, ఒక్కతే చీకటి గదిలో కూర్చుని బ్యాటరీ మీద పని చేసుకుంటోందట. “లైటేసినా ఏయకపోనా ఈవిడికి ఒకటే” అని మావాడు గుమ్మంలో నిలబడి అన్నాడట. “ఫేను ఆగిపోనాది కదా, అది తెలుస్తాది. తొరగా స్తంబం ఎక్కు” అందట ఆమె. అక్కడ మొదలైంది.

మా అమ్మ ఒప్పుకోవడానికి చాలాకాలం పట్టింది. పొయ్యి దగ్గర ఏమవుతుందోనని ఆమె భయం. పెళ్ళయి వచ్చాక వదిన మొదట చేసిన పని, వంటగదిలో ఉన్న సామాను అంతా కిందికి దించి తన పద్ధతిలో సర్దుకోవడం. గట్టు మీద ఎడమ చివర ఉప్పు, దాని పక్కన కారం, పైగూట్లో పప్పులు. ఎవరైనా డబ్బా తీస్తే మళ్ళీ అక్కడే పెట్టాలి. అమ్మ రెండు మూడుసార్లు మరిచిపోయి మార్చేసింది. వదిన కోప్పడలేదు. “అత్తా, దాని ఇల్లు అది కాదు” అనేది. కొన్నాళ్ళకి అమ్మే చుట్టాలకి చెప్పడం మొదలుపెట్టింది, మా ఇంట్లో ఏ వస్తువు కావాలన్నా కళ్ళు మూసుకుని తీసుకోవచ్చని.

ఆమె పనేమిటో నాకు మొదట్లో తెలీదు. ఒకరోజు సెలవుకి వాళ్ళింటికి వెళ్ళాను. వదిన వంటగదిలో పీట మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. పక్కన బియ్యం డబ్బా మీద లాప్‌టాప్ తెరిచి ఉంది. దానిలోంచి రేకుల మీద వడగళ్ళు పడుతున్నట్టు చప్పుడు. కాసేపు విన్నాక అది మాట అని అర్థమైంది.

“వదినా, అదేం భాష?”

“ఇంగ్లీషేనే.”

“ఒక్క ముక్క అందటం లేదు.”

“అయితే ఉండు. నీకోసం నడిపిస్తాను” అని తడి చెయ్యి చీరకి తుడుచుకుని ఒక మీట నొక్కింది.

పరుగెడుతున్న గొంతు నడకలోకి వచ్చింది. ఎడమ బ్రాకెట్టు, కోట్, నేమ్, కోట్, కోలన్, కోట్ అంది. పేరు రావలసిన చోట యు, సున్నా, సి, సున్నా, అయిదు అంటూ అంకెలు మొదలుపెట్టింది. ఎంతకీ ఆగలేదు.

వదిన నవ్వింది. “అది మనిసి పేరే. తెలుగక్షరాలని అంకెలుగా మార్చీసి పంపిస్తంది. ఎవలో ఒకావిడ. పాపం ఆవిడ పేరు ఆవిడికే తెలీకుండా సేసీసింది.”

“మరి ఎలాగ?”

“అక్షరాలు అక్షరాలుగానే పంపమని పోగ్రాముకి ఒక్క మాట సెప్పాల. ఎవలూ సెప్పినేదు.” రెండు మూడు మీటలు నొక్కి మళ్ళీ వినిపించింది. ఈసారి ఆ గొంతు “అప్పలనరసమ్మ” అంది, అప్పల దగ్గర కొంచెం తడబడి. వదిన చిక్కుడుకాయ చేతిలో పట్టుకునే “అదీ, వొచ్చినావా తల్లీ” అంది, ఆవిడెవరో గుమ్మంలోకి వచ్చినట్టు.

ఆ రోజు నాకు వివరంగా చెప్పింది. సర్వరు అంటే ఎక్కడో ఒక చోట ఆగకుండా నడుస్తుండే కంప్యూటరు. దానిలో మనుషుల పేర్లు, రోజులు, వేళలు ఉంటాయి. ఒకదాంట్లో ఒకటి, దాంట్లో ఇంకొకటి పెట్టి, చుట్టూ బ్రాకెట్లు మూసి దాచుకుంటుంది. అడిగితే అంతా ఒకే వరసలో ఊపిరి తిప్పుకోకుండా అప్పజెబుతుంది. దాన్ని మనిషి చదువుకునేలా విడదీసి పేర్చే ప్రోగ్రాములు రాయడం వదిన ఉద్యోగంలో ఎక్కువ భాగం.

కళ్ళున్నవాళ్ళు దాన్ని మెట్లు మెట్లుగా పేరుస్తారట. లోపలిది లోపలికి జరిపి రాస్తే ఏది దేనిలో ఉందో చూడగానే తెలుస్తుంది. “ఆ కాళీలు నాకు వినబడవు కదే” అంది వదిన. అందుకని ఆమె తనకోసం వేరే పద్ధతి కట్టుకుంది. ప్రతి వరసా తన చిరునామా తనే చెప్పుకోవాలి. వంటిల్లు, పైగూడు, మూడో డబ్బా: కందిపప్పు. వంటిల్లు, గట్టు, ఎడమ చివర: ఉప్పు. మధ్యలో ఏ వరస విన్నా ఎక్కడున్నామో తెలిసిపోతుంది. ఆదివారం చర్చిలో వాక్యం చదివే ముందు అధ్యాయం, వచనం చెబుతారు కదా, అప్పుడు అందరి వేళ్ళూ ఒకే చోటికి చేరతాయి, ఆ ఆలోచన తనకి అక్కడ కూర్చున్నప్పుడే వచ్చిందని చెప్పింది. పాస్టరుగారికి ఇది తెలిస్తే ప్రసంగం వినడం లేదని తిడతారని కూడా అంది.

ఆ పద్ధతి ఎంత పనిచేస్తుందో నా కళ్ళతో చూశాను. వదిన జ్వరంతో ఇంట్లో ఉన్న రోజు ఆఫీసు నడిపే ఆయన లాప్‌టాప్ పట్టుకుని ఇంటికే వచ్చారు. ఒక డయాలసిస్ కేంద్రం వాళ్ళకి వీళ్ళు రాసిచ్చిన ప్రోగ్రాములో చిక్కు వచ్చింది. ఒక రోగి వేళ ఇంకొకరికి వెళ్ళిపోతోంది. పొద్దుట్నుంచీ తెర వైపు చూసి చూసి ఆయన కళ్ళు ఎర్రబడ్డాయి.

వదిన దుప్పటి కప్పుకుని గోడకి ఆనుకుని కూర్చుంది. సర్వరు ఇచ్చినదంతా తన పద్ధతిలో వరసలుగా మార్చి, వడగళ్ళ వేగంతో వదిలింది. నేను కాఫీ కలుపుతూ చూస్తున్నాను. ఆమె మొహంలో ఏ కదలికా లేదు. వర్షం వింటున్న మనిషిలా ఉంది. కాసేపటికి చెయ్యి ఎత్తింది.

“ఆపండి సార్. ఈ వేళ రోగి లోపల నేదు. మిషను లోపల ఉన్నాది.”

ఆయన ముందుకి వంగి చూశారు.

“మిగతా అందరికీ రోగి, వంతు, వేళ అని వస్తంది. ఇక్కడొక్కచోట మిషను, వంతు, వేళ అన్నాది. రోగిని ఇంకో మిషనుకి మార్చినప్పుడు ఆల వేళ పాత మిషను దగ్గిరే ఉండిపోతంది. దాని మీదకి ఎవలొస్తే ఆలకి అంటుకుంటంది.”

ఆయన చాలాసేపు తెర వైపే చూశారు. తరవాత కాఫీ తీసుకుని, “నేను దీన్ని పొద్దున్నే చూశానమ్మా. చూసి దాటిపోయాను” అన్నారు. వదిన అప్పటికే దుప్పటి ముసుగు పెట్టి పడుకుంది. అంత వానలో ఒక్క చినుకు వేరే చోట పడిందని ఆమెకి వినబడింది.

ఆ కేంద్రంలోనే తరవాత అసలు సంగతి జరిగింది.

మా జిల్లాలో కిడ్నీ జబ్బు గురించి మీకు కొత్తగా చెప్పక్కరలేదు. వారానికి రెండు మూడుసార్లు మిషను మీద పడుకుంటేనే బతికే మనుషులు ఊరూరా ఉన్నారు. వంతులు మారినప్పుడు కేంద్రం వాళ్ళు ఫోను చేసి చెప్పేవారు. మనుషులు చాలక ఆ పని కంప్యూటరుకి అప్పగించారు. చదువు రానివాళ్ళు ఎక్కువ కాబట్టి, రాతలో కాకుండా గొంతుతో చెప్పాలన్నారు. ఆ మొదటి సందేశం వదిన రాసింది కాదు. ఆఫీసులో ఎవరో రాశారు. రోగి నంబరు, కేంద్రం పేరు, మిషను నంబరు, పాత తేదీ, కొత్త తేదీ, కారణం, తప్పక హాజరు కావలెను, ధన్యవాదములు. సర్వరు దగ్గర ఏ వరసలో ఉందో అదే వరసలో పలికేది.

కళింగపట్నం నుంచి వచ్చే ఒకాయనకి మంగళవారం వంతు గురువారానికి మారింది. మార్చిన సంగతి ఆయనకి ఫోనులో చెప్పారు. ఆయన మంగళవారమే వచ్చాడు. మిషన్లన్నీ నిండి ఉన్నాయి. గురువారం రమ్మని పంపించారు. బస్సులో తిరిగి వెళ్ళాడు. ఇల్లు చేరాక, గురువారం రాకముందే ఊపిరి అందక పడిపోయాడు. ఆటోలో వేసుకుని పరుగెత్తుకొస్తే, మిషను మీద సగం పూర్తయిన ఒకమ్మాయి తనని దించేసి ఆయన్ని ఎక్కించమంది. బతికాడు.

కేంద్రం వాళ్ళు ఆఫీసుని అడిగారు. ఆఫీసు వాళ్ళు అంతా సరిచూసి, ప్రోగ్రాము సరిగ్గానే ఉంది, సందేశంలో అన్నీ ఉన్నాయి, కొత్త తేదీ కూడా ఉంది అన్నారు. వదిన ఆ సాయంత్రం నాకు ఫోను చేసింది.

“రేపు ఆదివారమే కదా. నన్ను కళింగపట్నం తీసుకెళ్తావా?”

“ఎందుకు వదినా?”

“అన్నీ ఉన్నాయంట. ఆయనికి ఏటి వినబడిందో కనుక్కోవాల.”

నా స్కూటీ మీద వెళ్ళాం. దారిలో ఎండుచేపల వాసన మొదలయ్యాక వదిన నా భుజం తట్టి, ఇంక అడుగుతూ వెళ్ళమంది. సముద్రానికి దగ్గరగా ఉంది వాళ్ళిల్లు. ఆయన పడవ మీదికి వెళ్ళడం మానేసి చాలా కాలమైంది. అరుగు మీద కూర్చుని వల బాగుచేస్తున్నాడు. మేమెవరమో చెప్పగానే ఆయన భార్య లోపల్నుంచి వచ్చి నిలబడింది. తప్పు తమదేనని చెప్పడానికి మేము వచ్చామనుకుంది.

“మాకు సదువు నేదమ్మా. మాదే పొరపాటు” అంది ముందుగానే.

“పొరపాటు మాది అత్తా” అంది వదిన. “ఆ పోను వొచ్చినప్పుడు మీరు ఏటి సేస్తన్నారో సెప్పండి. అందుకే వొచ్చినాను.”

ఆయన వల పక్కన పెట్టాడు. “ఏటుంది. ఒడ్డున ఉన్నాను. పోను మోగింది. ఏవో అంకెలు సదువుతంది. గాలి. సెవిలో పెట్టుకున్నా సగం వినబడదు. మంగలారం అన్నాది. అది నాకు తెలిసిందే కదా. పెట్టీసినాను.”

“ఆ తరవాత గురువారం అని సెప్పింది.”

“అంతసేపు ఎవుడుంటాడమ్మా. అయినా గురువారం అంటే ఏ వారం? బుదారం తరవాతదేనా?”

“లచ్చివారం” అంది ఆయన భార్య. “టీవీలో ఆలు అలగంటారు.”

మా ప్రాంతంలో గురువారాన్ని లక్ష్మివారం అంటారని వదినకి తెలియక కాదు. తనూ అలాగే అంటుంది. నేనూ ఇంట్లో అలాగే అంటాను. సర్వరులో వారాలు అంకెలుగా ఉంటాయి, ఆ అంకెలకి పేర్లు ఇచ్చినవాళ్ళు బడి పుస్తకంలోంచి ఇచ్చారు. ఆ అరుగు మీద కూర్చుని వదిన వాళ్ళిద్దరినీ ఇంకా చాలా అడిగింది. ఫోను ఎవరు తీస్తారు, రెండోసారి వినాలంటే ఏం చేస్తారు, మిషనుని ఏమంటారు, వేళని ఎలా గుర్తుపెట్టుకుంటారు. ఆవిడ మాకు చేపల పులుసుతో అన్నం పెట్టింది. బయల్దేరేటప్పుడు వదిన ఆయన చెయ్యి పట్టుకుంటే, మిషను సూదులు దిగే చోట నరం ఉబ్బి ఉంది. దాని మీద చెయ్యి అలాగే ఉంచి, “ఇది వినబడతంది మావా, లోపల ఏదో బండి నడుస్తున్నట్టు” అంది. ఆయన నవ్వాడు. తన చేతిని అలా పట్టుకున్నవాళ్ళు నర్సులు కాక ఇంకెవరూ లేరన్నాడు.

ఆ వారమంతా బడి అయ్యాక నేను వదిన దగ్గరికి వెళ్ళేదాన్ని. “నువ్వు తెలుగు సెప్తావు కదా, రా” అంది. నేను రాసిచ్చిన మొదటి వాక్యం నాకింకా గుర్తుంది. గౌరవనీయులైన రోగికి తెలియజేయునది అని మొదలుపెట్టాను. వదిన దాన్ని కంప్యూటరు గొంతుతో చదివించి, నా వైపు తిరిగింది. నేనే చెరిపేశాను.

“మొదటి మాటే మాట. మిగతాది వినేసరికి ఆలు బస్సెక్కీస్తారు” అనేది. అందుకని ముందు మనిషి పేరు, అంకెలుగా కాక అక్షరాలుగా. పేరు వినగానే మనిషి ఆగుతాడు. ఆ వెంటనే వారం, పూట, వేళ. రేపు అని చెప్పకూడదు. సాయంత్రం వచ్చిన ఫోను ఎవరో పిల్లలు తీసి, మర్నాడు పొద్దున్న తాతకి వినిపిస్తే రేపు కాస్తా తప్పిపోతుంది. పాత వారం అసలు పలకనే కూడదు. పలికితే అదే చెవిలో ఉండిపోతుంది. చెప్పాల్సినవి ఎలా చెప్పాలన్నదాని కంటే, ఏవి చెప్పకూడదన్న దాని మీద ఎక్కువసేపు కూర్చున్నాం.

ఉదయం అని రాస్తే పొద్దున్న అని మార్చింది. గురువారం మీద నేను కొంచెం పట్టుపట్టాను. రాతలో అది సరైన మాట అన్నాను. 

“రాతలో ఉంచుకో. ఇది రాత కాదు కదే, మాట” అంది.

ఆఫీసు నడిపే ఆయన కూడా అభ్యంతరం చెప్పారు. పాత తేదీ, మిషను నంబరు లేకపోతే రేపు ఎవరైనా అడిగితే ఏం చూపిస్తాం అన్నారు. వదిన అన్నది నాకు మాట పొల్లుపోకుండా గుర్తుంది, ఆ రోజు నేనక్కడే ఉన్నాను. “రికార్డుకి రికార్డు రాద్దాం సార్. అందులో అన్నీ ఉంటాయి, మెట్లు మెట్లుగా, మీ కళ్ళకి నచ్చినట్టే. ఉన్నది ఒకటే సమాచారం. కాయితానికి ఒకలాగ ఇద్దాం, మనిసికి ఒకలాగ ఇద్దాం.” ఆయన ఒప్పుకున్నారు. ఒప్పుకోవడమే కాదు, ఆ తరవాత ఆఫీసులో ఏ పనికైనా ముందు ఇది ఎవరికి వినిపించాలి అని అడగడం మొదలుపెట్టారు.

చివరికి ఫుల్‌స్టాపుల దగ్గర ఆగాం. కంప్యూటరు గొంతు కామా దగ్గర కొంచెం, చుక్క దగ్గర ఇంకొంచెం ఆగుతుంది. ఆ ఆగడమే వినేవాళ్ళకి తలలో పెట్టుకునే సమయం. ఎక్కడ కామా, ఎక్కడ చుక్క అని వదిన అదే వాక్యాన్ని మళ్ళీ మళ్ళీ వినేది, కళ్ళు మూసుకుని, చూపుడువేలు గాలిలో ఎత్తి. నేను ఇన్నేళ్ళుగా పిల్లలకి విరామ చిహ్నాలు చెబుతున్నాను. అవి ఊపిరి కోసం పెట్టినవని ఆ వేలు చూశాకే నాకు తెలిసింది.

మొదటి వారం సందేశాలు వెళ్ళాక కళింగపట్నం ఆయన భార్య నాకు ఫోను చేసింది. వెళ్ళొచ్చేటప్పుడు నా నంబరు తీసుకుంది. “టీచరమ్మా, పోను లచ్చివారం అన్నాది” అంది. ఇంకేమీ చెప్పలేదు. వదినకి చెబితే, చేస్తున్న పని ఆపి ఇంకోసారి చెప్పమంది. ఎక్కడో దాచిన ఒక్క అంకెకి ఎదురుగా ఒక్క మాట మార్చింది. ఇన్ని ఊళ్ళలో, ఇన్ని అరుగుల మీద ఆ మాట ఒక్కసారిగా మారింది. నాకు ఇప్పటికీ అది తలచుకుంటే ఆశ్చర్యం తగ్గదు.

తరవాతి సంగతి చెప్పడం కష్టం.

వదిన కాళ్ళు వాచడం మొదలైంది. అలసట అనుకుంది. పరీక్షలు చేయిస్తే కిడ్నీలు చాలావరకు పోయాయన్నారు. ఆమె చూపు తీసేసిన జబ్బూ, కిడ్నీలని పట్టినదీ ఒకటేనని, పుట్టుకతోనే వచ్చిందని డాక్టరు చెప్పారు. అన్నయ్య ఆస్పత్రి మెట్ల మీద కూర్చుండిపోయాడు. వదిన ఆయన భుజం వెతుక్కుని పక్కన కూర్చుంది. “ఎక్కడికెళ్ళాలో తెలుసు, ఎలగెళ్ళాలో తెలుసు. ఆ కేంద్రం మన ఇల్లు లాటిదే కదా” అంది.

అదే కేంద్రం. మొదటి వంతు ముందురోజు సాయంత్రం నేను వాళ్ళింట్లోనే ఉన్నాను. ఫోను మోగింది. అన్నయ్య తీసి స్పీకరు పెట్టాడు. కంప్యూటరు గొంతు వదిన పేరు పలికింది. ఆగింది. బుధవారం, పొద్దున్న, ఆరు గంటలకి అంది. ఆగింది. తప్పకుండా రావాలి అని ముగించింది. ఆ చివరి మాట నేను రాసిందే.

వదిన తల ఒక పక్కకి వంచి విని, “బాగుంది” అంది. అన్నయ్య ఫోను పెట్టేశాక, “సివర్న కొంచెం పోలీసోడిలాగ ఉంది కదే” అంది.

ఆమె మిషను మీద పడుకోవడం మొదలుపెట్టాక చాలా సంగతులు మార్చింది. అప్పటిదాకా అరుగు మీద కూర్చుని అడిగి తెలుసుకున్నది ఇప్పుడు మంచం మీద పడుకుని తెలుసుకుంది. మిషను దిగిన రోజు ఎవరికీ ఏదీ తలకెక్కదని, ఆ పూట వచ్చే సందేశాన్ని మర్నాటికి జరిపించింది. ఒక చేతికి సూదులుంటే రెండో చేత్తోనే లాప్‌టాప్ నడిపేది. చెవిలో వడగళ్ళు. పక్క మంచాలవాళ్ళు ఆవిడ పాటలు వింటోందనుకునేవారు.

తప్పకుండా రావాలి అన్నదాన్ని ఏం చెయ్యాలో మాత్రం చాలా రోజులు తేల్చుకోలేకపోయింది. ఒకరోజు మిషను నుంచి ఇంటికి తీసుకొస్తుంటే ఆటోలో కళ్ళు మూసుకుని ఉంది. నిద్రపోతోందనుకున్నాను.

“రావాలి అని ఎవలికి సెప్పాల?” అంది. “రాకపోతే ఏటవుతాదో అందరికీ తెలుసు. ముందురోజు సాయింత్రం నాకేటి బెంగంటే, రేపు ఎల్లేసరికి మిషను ఉంటాదో ఉండదో అని. అది సెప్పాల మనం.”

ఇంటికి వెళ్ళాక ఇద్దరం కూర్చున్నాం. నేను ఏమీ దిద్దలేదు. ఆమె చెప్పింది, నేను టైపు చేశాను. మనిషి పేరు. లక్ష్మివారం, పొద్దున్న, ఆరు గంటలకి. మీకు మిషను ఉంచాం. అంతే. వదిన దాన్ని ఒకే ఒకసారి విని, వేలు దించేసింది.

ఉంచాం అనడంలో ఉంచేవాళ్ళెవరో ఉన్నారని తెలుస్తుంది. ఆ సర్వరు గదిలో నిజానికి ఎవరూ లేరు. కానీ ఆ మాట రాసిన మనిషి ఉంది, తన వంతు కోసం తనూ ఎదురుచూస్తూ.

కిడ్నీ మార్పిడి కోసం అన్నయ్య తిరగని చోటు లేదు. తనది ఇస్తానన్నాడు, సరిపడలేదు. నాదీ సరిపడలేదు. చివరి నెలల్లో గుండె బలహీనపడింది. అయినా పని మానలేదు. ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళని ఇంటికి పిలిపించుకుని, వాళ్ళు రాసినదాన్ని వాళ్ళ చేతే కళ్ళు మూయించి వినిపించేది. “ఇప్పుడు సెప్పండి, ఇందులో మనిసి ఎక్కడున్నాడు?” అని అడిగేది. వాళ్ళలో ఒకమ్మాయి సమాధుల తోటలో నా చెయ్యి పట్టుకుని ఆ ప్రశ్నే చెప్పి ఏడ్చింది.

మిషను మీద ఉండగా పోలేదు. ఇంట్లో, మధ్యాహ్నం పూట, అన్నయ్య పక్కన కూర్చుని ఉండగా, ఫేను ఎక్కువ చెయ్యమని అడిగి, ఆయన లేచి స్విచ్చు తిప్పి వచ్చేలోపు పోయింది. ఆ కొద్దిసేపు తను లేచినందుకు అన్నయ్య ఇంకా బాధపడుతున్నాడు. ఫేను గాలి తగిలాకే పోయి ఉంటుందని నేను చెబుతున్నాను. నమ్మడం లేదు, కానీ రోజూ అడిగి చెప్పించుకుంటున్నాడు.

మొన్న ఆమె మిగిలిన మందులు ఎవరికైనా పనికొస్తాయేమోనని కేంద్రానికి తీసుకెళ్ళాను. సాయంత్రమైంది. ఆ పూట మిషన్లు అయిపోయినవాళ్ళు బల్లల మీద కూర్చుని బస్సుల కోసం, ఆటోల కోసం చూస్తున్నారు. ఒక మూలన ఒక ముసలమ్మ, ఎవరి తల్లో, మందులు తీసుకెళ్ళడానికి వచ్చినట్టుంది, గోడకి ఆనుకుని కూర్చుంది. ఆమె నడుం దగ్గర చీర మడతలో ఫోను మోగింది. తడుముకుని తీసి, తలకిందులుగా పట్టుకుని, తిప్పి, చెవికి ఆనించుకుంది. ఏ ఊరి మనిషో, ఎవరి కోసం వింటోందో నాకు తెలీదు. నోరు కొంచెం తెరుచుకుని, నేల వైపు చూస్తూ కదలకుండా వింది. ఫోను చెవి దగ్గర్నుంచి తియ్యలేదు. అవతల గొంతు ఆగిపోయాక కూడా అలాగే పట్టుకుని, వినేవాళ్ళు ఉన్నట్టే మెల్లగా, మర్యాదగా అంది.

“అలగేనమ్మా. తీసుకొస్తాను.”